బాగుందండీ అంటే ఒప్పుకోని మనిషి

పోయినవారం పక్కవాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి, మా కుళాయిలో నీళ్ళొస్తున్నాయో లేదో కనుక్కుందామని వచ్చింది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. సగం తాగి, గ్లాసుని కళ్ళ దగ్గరగా పెట్టుకుని గుండ్రంగా తిప్పింది.

"ఆంటీ, దీని మీద ఏదో రాసుందండీ. ‘రెండో భాగం అక్కర్లేదు’ అని. దేని రెండో భాగమండీ?"

"నవలదమ్మా."

"నవల గురించి గ్లాసు మీదెందుకు రాశారండీ?"

"ఏ పుస్తకం చదవొచ్చో చెప్పమని ఒకాయన్నడిగాను. చెప్పారు."

ఆ పిల్ల గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. నీళ్ళ సంగతి అడక్కుండానే వెళ్ళిపోయింది. పాపం, వంటింట్లోకి రాలేదు కాబట్టి సరిపోయింది. లోపల గరిటె మీద ‘మొదటి యాభై పేజీలు ఓర్చుకోండి’ అనుంది. చెంబు మీద ‘ఏడుపొస్తుంది, సెలవురోజున చదవండి’ అనుంది. ఆయన పోయి చాన్నాళ్ళయింది గానీ, మా ఇంట్లో పప్పు కలపాలన్నా మజ్జిగ తాగాలన్నా ఆయన అభిప్రాయం చదవక తప్పదు.

ఫోన్లలో ఇంటర్నెట్టు లేని రోజులవి. నేను ఏలూరులో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. కాలేజీ నుంచి పవర్‌పేట మీదుగా ఇంటికొచ్చే దారిలో ఒక నెట్ సెంటరుండేది. చెక్కలతో అరలు కట్టి అరకో కంప్యూటరు పెట్టారు. చుట్టూ కుర్రాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరితోనో గుసగుసలాడుతుంటే, మధ్యలో నేనొకత్తిని కుచ్చిళ్ళు వైర్లలో చిక్కుకోకుండా ఎత్తిపట్టుకుని కూర్చునేదాన్ని. మా కాలేజీ పిల్లలు కనబడితే ఇద్దరం మొహాలు తిప్పుకునేవాళ్ళం. వాళ్ళేం చేస్తున్నారో నేనడగలేదు, నేనేం చేస్తున్నానో వాళ్ళూ అడగలేదు.

నేను చేసేది పుస్తకాల కబుర్లు చదువుకోవడం. తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళ మెయిల్ గ్రూపు అది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్ళం. ఎక్కడెక్కడివాళ్ళో చేరారు గానీ, అలవాటుగా మాట్లాడుకునేది మాత్రం మా పశ్చిమగోదావరివాళ్ళం, కొల్లేటి అవతలి గట్టువాళ్ళం కలిపి ఓ ఏడెనిమిది మందిమి. మా పక్క మనుషుల సంగతి తెలిసిందే కదా. మర్యాదలకే ఉన్న పొద్దు సరిపోదు. ‘మీరు చెప్పిన పుస్తకం చదివానండీ, చాలా బాగుందండీ.’ ‘మీకు నచ్చినందుకు సంతోషమండీ.’ ‘మీరు సంతోషించినందుకు నాకూ సంతోషమండీ.’ ఒక పుస్తకం మీద ఇలా ముప్ఫై ఉత్తరాలు నడిచేవి. అన్నిట్లోనూ వెతికినా పుస్తకం ఊసు ఒక్కటి కనిపించేది కాదు.

వీటి మధ్యలో ఒక్క ముక్కలో, ఎవరికీ దణ్ణం పెట్టకుండా, ‘కోర్టు సీను తీసేస్తే బాగుంటుంది’ అని ఒక ఉత్తరం వచ్చి పడేది. అది ఆయనది.

తాడేపల్లిగూడెం బజార్లో ఆయనకి స్టీలు సామాన్ల కొట్టుండేది. గ్రూపులో మేమంతా చాటుగా గిన్నెలాయన అనేవాళ్ళం. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ కొన్న గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను ఆయన చేతిలోనే ఉండేది. కలంలాంటి ఆ మిషను గుయ్యిమంటుంటే, చిన్న గిన్నె అంచు మీద తాత పేరు, మనవరాలి పేరు, మధ్యలో ‘ఆశీస్సులతో’ ఇరికించేవారు. ముప్ఫయ్యేళ్ళు అదే పని చేసిన మనిషికి ఏం రాయాలన్నా గ్లాసు చుట్టూ ఎంత పడుతుందో అంతే వచ్చేది. మెయిల్లో చోటుకి కరువు లేదు కదండీ అంటే, "అలవాటు పోదమ్మా. చెంబు తిరిగిపోయి మళ్ళీ మొదటి అక్షరం దగ్గరకొచ్చేస్తానేమోనని భయం" అనేవారు.

ఆయన్నొకసారి, చెల్లెలి దగ్గరకి రైల్లో వెళ్తున్నాను, దారిలో చదువుకోడానికేదైనా చెప్పండి అని అడిగాను. జవాబు రాలేదు. మూడోనాడు మా స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఆర్టీసీ కండక్టరొకడు నిలబడి, "లెక్కల మేడమ్ గారెవరండీ? గూడెం నుంచి గ్లాసొచ్చిందండీ" అన్నాడు. రూములో అందరూ నా వైపు చూశారు. గ్లాసు లోపల చీటీలో పుస్తకం పేరుంది. బయట, చుట్టూ, ‘రెండో భాగం అక్కర్లేదు’ అన్న ఆ మాటుంది. మా ఫిజిక్సావిడ "ఎవరే ఆయన?" అని ఎంత దీర్ఘం తీసిందో! ఒళ్ళు మండిపోయి ఎస్టీడీ బూత్‌కెళ్ళి ఫోన్ చేశాను.

"ఏవండీ, మెయిల్ రాస్తే సరిపోయేది కదా?"

"మెయిలైతే చెరిపేస్తారు కదమ్మా. గ్లాసు చెరపలేరు."

"పుస్తకం గురించి గ్లాసు మీద రాస్తారా ఎవరైనా?"

"గ్లాసు మీద నలుగురూ చదువుతారమ్మా. పుస్తకం మీద రాస్తే పుస్తకం తెరిచినవాడే చదువుతాడు. మనవాళ్ళలో ఎంతమంది తెరుస్తారంటారు?"

అలా మొదలైంది. ఆయన దగ్గర ఒక పద్ధతుండేది. పర్వాలేదనిపించిన పుస్తకానికి చెంచా. నచ్చితే గ్లాసు. బాగా నచ్చితే చెంబు. కామవరపుకోట నుంచి రాసే తెలుగు మాస్టారికి ఒకసారి బిందె వెళ్ళింది. ఆ మాస్టారు పద్యాలు, సామాజిక స్పృహ, ప్రతీకలు అని పేజీలకి పేజీలు రాసే మనిషి. వాళ్ళావిడ మాత్రం "మన ఇంటికి సరిపడా చెంబులు లేవు, కాస్త మంచి పుస్తకాలే అడగండి" అని ఆయన్ని తొందరపెట్టేదట. గంగాళం స్థాయి పుస్తకం మాత్రం తను జన్మలో ఒక్కటే చదివానని గిన్నెలాయన రాసేవారు.

నేను గూడెం వెళ్ళినప్పుడల్లా ఆ కొట్టు మెట్లెక్కేదాన్ని. గల్లాపెట్టె దగ్గర వాళ్ళావిడ కూర్చునుండేది. బొద్దుగా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో, నవ్వుమొహం. ఈయన పుస్తకాల గొడవ ఎత్తగానే ఆవిడ తలూపడం మొదలుపెట్టేది, అయిపోయేదాకా ఆపేది కాదు. ఆయనేమో గిన్నె కొనేవాళ్ళలాగే పుస్తకాన్ని కూడా ముందు వేలి కణుపుతో టక్కుమని కొట్టి, చెవి పెట్టి వినేవారు. ఏం వినపడుతుందని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్తారనే భయం.

"బాగుందండీ అన్న మాటే నమ్మనమ్మా నేను" అన్నారొకసారి, ఎవరో ఆడవాళ్ళు కొట్లో గిన్నెలన్నీ దింపించి, బాగున్నాయండీ బాగున్నాయండీ అంటూ మెట్లు దిగిపోయాక. "చూశారుగా? బాగుందన్నవాళ్ళు కొనరు. మూత సరిగ్గా పట్టట్లేదు, అడుగు పల్చగా ఉంది అని పేచీ పెట్టినవాళ్ళే కొంటారు. ఇంటికెళ్ళి అందులో వండాలని ఉన్నవాళ్ళకే కదమ్మా వంకలు కనపడేది?"

ఈ మాట వినడానికి సరదాగానే ఉంటుంది. దానితోనే ఆయన ఎంత అవస్థ పడ్డారో చెప్తాను.

ఆ గంగాళం స్థాయి పుస్తకముందే, దానికి పేరు లేదు. అట్టలు పోయి, మొదటి పేజీలు పోయి, వయసులో ఉండగా ఏలూరులో పాత పుస్తకాల బండి మీద దొరికిందట. రాసిందెవరో తెలీదు. కథ కూడా ఏమంత లేదు. కాలవగట్టున కిళ్ళీకొట్టు పెట్టుకున్న ఒకాయన భార్య ఒకరోజు పొద్దున్నే పడవెక్కి వెళ్ళిపోతుంది. ఎందుకో చెప్పదు. అక్కణ్ణుంచి రెండొందల పేజీలు ఆ కిళ్ళీకొట్టాయన కొట్లో కూర్చుని ఆలోచిస్తుంటాడు. అంతే. ఈయన దాన్ని ఏటా చదివేవారు. చదవడం అయిపోయాక దాని గురించి మాట్లాడుకోడానికి ఒక్క మనిషి దొరకలేదు. ఎవరికీ తెలియని పుస్తకం, ఇంకెక్కడా దొరకని పుస్తకం. పాతికేళ్ళు ఒక్కరే దాంతో కాపురం చేశారు.

గ్రూపు పరిచయమయ్యాక ఆయనకి ఆశ పుట్టింది. ఇంతమంది చదివేవాళ్ళున్నారు కదా, ఒక్కరైనా దీని గురించి తనతో పోట్లాడకపోతారా అని. ఏలూరులో ఒక సాయిబుగారికి జెరాక్సు, బైండింగు షాపుండేది. పెద్దవయసు మనిషి, నెమ్మది. ఆయన దగ్గర ఏడు కాపీలు తీయించి, కాలికో గుడ్డ అట్టలు వేయించి, చెమ్మ తగలకుండా ఒక్కోదాన్ని ఒక్కో స్టీలు డబ్బాలో పెట్టి అందరికీ పంపించారు. మా స్టాఫ్‌రూముకి మళ్ళీ కండక్టరొచ్చాడు. ఈసారి డబ్బా చూసి, స్వీట్లనుకుని అందరూ లేచి నిలబడ్డారు. మూత తీశాక వాళ్ళ మొహాలు చూడాలి.

వారం తిరిగేసరికి గ్రూపు నిండా పొగడ్తలే. అద్భుతమండీ. కళ్ళు చెమర్చాయండీ. ఇన్నాళ్ళూ ఈ ఆణిముత్యాన్ని ఎక్కడ దాచారండీ. కామవరపుకోట మాస్టారైతే ‘మానవ సంబంధాల్లోని ఖాళీలను పూరించే మహత్తర రచన’ అని రాశారు. నేను ‘చదువుతున్నానండీ’ అన్నాను. నిజంగానే చదువుతున్నాను. ఆ కిళ్ళీకొట్టాయన ఒక తమలపాకుకి సున్నం రాయడానికి నాలుగు పేజీలు పట్టేది, ఏం చెయ్యను?

ఒకరోజు మధ్యాహ్నం క్లాసులోంచి బయటికొచ్చేసరికి ఆయన వరండాలో బెంచీ మీద కూర్చునున్నారు. చేతిలో మూతపెట్టిన గిన్నె. అందులో ఏమీ లేదు, ఉత్తి చేతుల్తో ఎక్కడికీ వెళ్ళడం అలవాటు లేదంతే.

"అందరూ బాగుందంటున్నారమ్మా."

"మంచిదే కదండీ."

"మంచిదేంటమ్మా, ఒక్కళ్ళూ పేచీ పెట్టలేదు. ఆ పుస్తకంలో పేచీ పెట్టాల్సినవి ఎన్నున్నాయో నాకు తెలుసు. ఆవిడెందుకు వెళ్ళిందని ఒక్కళ్ళూ అడగరేం? సున్నం రాయడం అంతసేపేంటని ఒక్కళ్ళూ విసుక్కోరేం?" కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఎవరూ చదవలేదమ్మా. నాకు తెలుసు. ఇంక నాతోపాటే పోతుంది అది."

నాకు నిజంగా జాలేసింది. సున్నం సంగతి నేను విసుక్కున్నానండీ అని చెప్పాను. ఆయన మొహం కాస్త విప్పారింది గానీ, నేనింకా తొంభయ్యో పేజీలో ఉన్నానని తెలిశాక మళ్ళీ ముడుచుకుపోయింది. "తొంభైలో విసుక్కోవడం లెక్కలోకి రాదమ్మా. అక్కడ నేనూ విసుక్కున్నాను" అని లేచి, గిన్నె పట్టుకుని బస్టాండు వైపు నడిచారు.

కలిదిండి రాజుగారి ఉత్తరం వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకి.

రాజుగారికి కలిదిండి దగ్గర చేపల చెరువులున్నాయి. గ్రూపులో చేరాడన్నమాటే గానీ ఎప్పుడూ నోరు విప్పలేదు. కంప్యూటరంటే ఆయనకి భయమని, ఆకివీడులో ఎవరి చేతో టైపు చేయిస్తాడని వినికిడి. మొట్టమొదటి ఉత్తరం ఇలా వచ్చింది. ‘అయ్యా, నవల పూర్తిగా చదివాను. బాగోలేదండీ. అందులో చేపల మేత గురించి రాసింది మాత్రం చాలా బాగుంది. తవుడులో వేరుశనగ చెక్క ఎంత కలపాలో, మేత సంచులకి కన్నాలెలా పెట్టాలో వివరంగా ఉంది. అలాగే చేశాను. బొచ్చె చేప బాగా ఎదిగింది. కథ విషయానికొస్తే, ఆయన మేత పనిలో పడి పెళ్ళాం వెళ్ళిపోయిన సంగతి చూసుకోలేదు. అది సహజంగా ఉంది. మా ఇంట్లోనూ అలాగే అంటారు. కానీ తర్వాత రెండొందల పేజీలు వెతక్కుండా కూర్చోవడం ఏం బాగోలేదండీ. క్షమించాలి.’

ఆ పూటకి గ్రూపులో అందరూ ఆ ఉత్తరం చదివేశారు. తర్వాత ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. అవునండీ, ఆ చేపల ఘట్టం మరువలేనిది. చేపల దగ్గర నేనూ కంటతడి పెట్టానండీ. కామవరపుకోట మాస్టారు మర్నాడే పెద్ద వ్యాసం పెట్టేశారు. చేప అంటే స్త్రీ చైతన్యమట, కన్నాల సంచి అంటే వివాహ వ్యవస్థట, తవుడు సంగతి మరో వ్యాసంలో చెప్తారట.

గిన్నెలాయన నాకు ఫోన్ చేశారు.

"అమ్మా, నా పుస్తకంలో చేపల్లేవమ్మా."

"నా దాంట్లోనూ ఇంకా రాలేదండీ. ముందు ముందు వస్తాయనుకున్నాను."

"రావమ్మా! పడవెక్కే చోట చేపలెందుకొస్తాయి? రండి, సాయిబుగారి దగ్గరకెళ్దాం."

ఇద్దరం వెళ్ళాం. సాయిబుగారు కళ్ళద్దాలు పైకెత్తి చాలాసేపు ఆలోచించారు. మా కాపీలు తీసిన వారమే ఎవరో చేపల రైతుల శిక్షణ తరగతుల కోసం ఒక చిన్న పుస్తకం బైండింగుకి ఇచ్చారట. రెండు కట్టలూ పక్కపక్కనే పెట్టారు. ఫ్యాను గాలికి లేచిన పేజీలని మనవరాలు ఎత్తి సర్దింది.

"ఒక్క కాపీలోనే పొరపాటు జరిగిందండీ" అన్నారాయన, చాలా నొచ్చుకుంటూ. "మీవి ఓ పదిహేను పేజీలు అందులో కలిశాయండీ. వాళ్ళ పుస్తకాలు పంచేశారు. ఎవరో చేపల రైతు మేత పాళ్ళ కోసం చూస్తే, పాపం, ఆవిడ పడవెక్కి ఏడుస్తా ఉంటదండీ."

గిన్నెలాయన సాయిబుగారి రెండు చేతులూ పట్టుకున్నారు. తిడతారేమోనని నేను మధ్యలోకి వెళ్ళబోయాను. కానీ ఆ మనిషి మొహం వెలిగిపోతోంది.

"చదివాడమ్మా! ఒకడు చదివాడు! ఒక్క కాపీలోనే ఉన్న చేపలకి మిగతావాళ్ళంతా కంటతడి పెట్టారంటే, వాళ్ళ సంగతి తేలిపోయిందిగా. ఆయనొక్కడూ చివరికంటా చదివి బాగోలేదన్నాడు. సాయిబుగారూ, మీ మనవరాలికి గిన్నెలు పంపిస్తానండీ."

ఆ ఆదివారమే కలిదిండి ప్రయాణం కట్టారు. పోయిన పదిహేను పేజీలూ మళ్ళీ జెరాక్సు తీయించి స్టీలు డబ్బాలో పెట్టుకున్నారు. నన్ను సాక్షిగా రమ్మన్నారు. దేనికి సాక్షినో నాకర్థం కాలేదు గానీ వెళ్ళాను. కైకలూరులో బస్సు మారి, అక్కణ్ణుంచి ఆటోలో గట్ల మీద. అటూ ఇటూ చెరువులే. నీళ్ళలో పాతిన కర్రలకి మేత సంచులు వేలాడుతున్నాయి. గిన్నెలాయన ప్రతి సంచినీ ఆత్మబంధువుని చూసినట్టు చూశారు.

రాజుగారు ఎర్రగా, ఆరడుగుల మనిషి. చెరువుగట్టు మీద పాక ముందు కుర్చీలేయించి, మంచినీళ్ళూ కొబ్బరినీళ్ళూ ఇప్పించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దవారు ఇంత దూరం వచ్చారు. బాగోలేదన్నందుకు కోపమొచ్చిందాండీ? ఆయ్, కావాలంటే బాగుందని రాయించేస్తానండీ."

"వద్దండీ బాబూ, ఆ పని మాత్రం చెయ్యకండి!" గిన్నెలాయన లేచి నిలబడిపోయారు. "మీ కాపీలో చేపలు పొరపాటున వచ్చాయి. అసలు పేజీలివి. ఇవి చదివి చెప్పండి."

రాజుగారు అప్పటికప్పుడే కుర్చీ లాక్కుని చదవడం మొదలెట్టాడు. పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని, నెమ్మదిగా. గిన్నెలాయన ఆయన వేలు వైపే చూస్తూ కూర్చున్నారు. ఏ పేరా దగ్గరకొచ్చాడో ఆయనకి అక్షరం అక్షరం తెలుసు. వేలు ఆగినచోటల్లా ఊపిరి బిగబట్టేవారు. నేనొకదాన్ని మధ్యలో కొబ్బరినీళ్ళు తాగాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. చివరి పేజీ అయింది. రాజుగారు కాయితాలు సర్ది, డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు.

"ఇదున్నా బాగోలేదండీ."

"ఎక్కడ?"

"ఇదివరకు ఆవిడెందుకు వెళ్ళిపోయిందో తెలిసేది. మేత పనిలో పడి ఆయన పట్టించుకోలేదు, వెళ్ళిపోయింది. ఇప్పుడదీ తెలీట్లేదు. చేపలున్నదే నయమండీ."

"తెలియకపోవడమే కదండీ నవల!"

"వెళ్ళి అడగొచ్చు కదండీ! కాలవలో పడవ ఎంత దూరం పోతుంది? గట్టెంట సైకిలేసుకెళ్తే పడవలన్నీ ఆగే లాకుల దగ్గర దొరుకుద్ది."

"దొరికితే ఇంక రెండొందల పేజీలెక్కడుంటాయండీ?"

"అదేనండీ నేననేది. అక్కర్లేదంటున్నాను."

"మీరు పొరబడ్డారండీ."

"లేదండీ, తమరే పొరబడ్డారు. కూర్చోండి, కొబ్బరినీళ్ళు తాగండి."

పొద్దువాలేదాకా అంతే. ఒకరిమాట ఒకరు పడనివ్వరు, ఒక్కసారీ అండీ తప్పలేదు. ఆఖరి బస్సు పోతుందని నేను మొత్తుకుంటే ఇద్దరూ నామీద విసుక్కున్నారు. తిరుగు ప్రయాణంలో గిన్నెలాయన కిటికీ పక్కన కూర్చుని, తనలో తనే "సైకిలేసుకెళ్ళాలట! సైకిలు!" అంటూ ఏలూరు దాకా నవ్వుకున్నారు. అంతకుముందు నేనాయన నవ్వగా చూడలేదు.

నెల తిరక్కుండా కలిదిండికి గంగాళం వెళ్ళింది. మామూలు గంగాళం కాదు, ఊరందరికీ నీళ్ళు కాచేంత. దాన్ని ట్రాలీ ఆటోకి తాళ్ళతో కట్టి పంపించారు. దాని చుట్టూ ‘నవల బాగోలేదన్న రాజుగారికి అభిమానంతో’ అని కొట్టారు. అందరికీ ఆశీస్సులు కొట్టే చేత్తోనే. రాజుగారు దాన్ని పాక ముందు బోర్లించి, కూర్చోడానికి వాడుకునేవాడు.

తర్వాత ఆ గ్రూపు పల్చబడింది. మాస్టారు అలిగి మానేశారు. తవుడు మీద వ్యాసం రానేలేదు. నెట్ సెంటరు తీసేసి అక్కడ సెల్‌ఫోన్ల షాపు పెట్టారు. కానీ ఆ ఇద్దరి పేచీ మాత్రం ఆగలేదు. ఆదివారమొస్తే ఫోను. రాజుగారు ఏటా ఆ పుస్తకం మళ్ళీ చదివి కొత్త వంక పట్టుకొచ్చేవాడు. కిళ్ళీకొట్టుకి కిటికీ ఎందుకు లేదు, పడవవాడు ఆవిడ ఊరెందుకు అడగలేదు. కొట్లో జనముంటే గిన్నెలాయన రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో ఎవరి పెళ్ళి గిన్నె మీదో పేరు కొడుతూనే వాదించేవారు. ఒకసారి ఆ వేడిలో పెళ్ళికూతురి పేరు పక్కన ‘లాకులు’ అని కొట్టేశారట. గిన్నె వాళ్ళే ఉంచుకున్నారు.

ఆయన పోయారని నాకు రాజుగారే ఫోన్ చేశాడు. గుండెపోటు. కొట్లోనే. "మొన్ననే కదండీ..." అని పెట్టేశాడు. నేనూ అక్కడే కూలబడి ఏడ్చాను. పుస్తకం గురించి నాతో మొహమాటం లేకుండా మాట్లాడిన మనిషి అంతకుముందూ లేరు, ఆ తర్వాతా లేరు.

పెద్దకర్మ రోజున గూడెం వెళ్ళాను. హాలు నిండా బంధువులు. కుర్చీలో ఫోటో, దండ. వాళ్ళావిడ పక్కన చాప మీద కూర్చునుంది. వెనక భోజనాలు నడుస్తున్నాయి. రాజుగారు వచ్చాడు. చెప్పులు విడిచి, తిన్నగా ఫోటో దగ్గరకెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మళ్ళీ చదివానండీ. మీకోసమని, మొదట్నుంచీ చివరికంటా, నిదానంగా చదివాను." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అబ్బే. బాగోలేదండీ." అని, అంత మనిషీ భోరుమన్నాడు.

వడ్డనలు చూస్తున్న బావమరిదిగారు పరుగున వచ్చారు. "ఏది బాగోలేదండీ? పప్పా? చల్లారిందాండీ? ఒరే, వేడిది పట్రండ్రా!" రాజుగారు కాదని చెయ్యూపుతుంటే ఆయన ఇంకా కంగారుపడి వంటవాణ్ణి పిలిచారు. ఆ గోలంతా సర్దుకునేసరికి వాళ్ళావిడ రాజుగారిని చాప మీద కూర్చోమంది.

"ఆ పుస్తకమేనా అన్నయ్యగారూ?"

"అదేనండీ చెల్లెమ్మగారూ."

ఆవిడ కాసేపు ఫోటోకేసి చూసింది. "నాకూ ఇచ్చారండీ. పెళ్ళయిన కొత్తల్లో. నాలుగు పేజీలు చదివాను. ఏదో సున్నం రాస్తా ఉంటాడు. బాగుందండీ అన్నాను. అంతే, ఇంక నన్నెప్పుడూ దాని గురించి అడగలేదు. నాకు నచ్చింది కదా, ఇంకేం అడుగుతారులే అనుకున్నాను." పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "చదవలేదని అప్పుడే తెలిసిపోయిందన్నమాట ఆయనకి."

నేను ఆవిడ వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను.

"కథేంటండీ అందులో?" అందావిడ, కళ్ళు తుడుచుకుని. "ఇప్పుడైనా చెప్పండి, వింటాను."

రాజుగారు చెప్పడం మొదలుపెట్టాడు. కాలవగట్టు, కిళ్ళీకొట్టు, కిటికీ లేని గోడ. తనకి నచ్చని పుస్తకాన్ని ఆయన ఎంత బాగా చెప్పాడంటే, విస్తళ్ళ దగ్గర్నుంచి ఇద్దరు ముగ్గురు లేచొచ్చి నిలబడ్డారు. సున్నం రాయడం దగ్గర కూడా తొందరపడలేదు. చీకటితో లేచి ఆవిడ దీపం తగ్గించడం, పడుకున్న మొగుడికేసి చూడటం, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి మెట్లు దిగడం, పడవెక్కడం. అన్నీ చెప్పాడు.

"ఆగండన్నయ్యగారూ" అందావిడ. "ఏదన్నా తిని వెళ్ళిందాండీ?"

రాజుగారు ఆలోచించాడు. పేజీలు కళ్ళముందు తిప్పుకుంటున్నట్టు పైకి చూశాడు. "అది రాయలేదండీ."

"రాయకపోవడమేంటండీ? చీకటితో బయల్దేరిన మనిషి, ఎంత దూరం పోవాలో ఏమో. కనీసం చద్దన్నం మూట కట్టుకుందా?"

"లేదండీ. మూటా లేదు."

"ఆ పడవవాడన్నా అడగలేదా?"

"అడగలేదండీ."

"ఇదేం పుస్తకమండీ!" ఆవిడ చాప మీద నిటారుగా కూర్చుంది. మొహం ఎర్రబడింది. "రెండొందల పేజీలు రాసినవాడికి ఆ ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా? ఏం బాగోలేదండీ. అస్సలు బాగోలేదు."

రాజుగారు ఫోటో వైపు తిరిగాడు.

"విన్నారాండీ?" అన్నాడు.